ఇంటికి చోటు

“ఇక్కడ కాదు మేస్త్రీ. ఇంకాస్త లోపలికి,” అంది ఆమె.

మేస్త్రి సున్నం డబ్బా కింద పెట్టి నడుం పట్టుకున్నాడు. పొద్దుటి నుంచి ఇల్లు ఒక్క చోట కుదురుగా నిలవలేదు. మొదట రోడ్డు పక్కన గీత గీయించింది. తర్వాత గట్టు మీద. ఇప్పుడేమో తుప్పల్లోకి పదమంటోంది.

“ఇల్లు కడదామనా అమ్మా, ఊరేగిద్దామనా?”

స్థలం యజమాని పకపకా నవ్వాడు. ఆమె భర్త నవ్వలేదు.

“ఆవిడ చెప్పినట్టు గియ్యి మేస్త్రీ. నీ కూలికి లోటు రానివ్వను.”

“గట్టు మీదైతే సముద్రం కనిపిస్తుందమ్మా. నా మాట విని అక్కడే కట్టుకోండి,” అన్నాడు యజమాని.

“అన్నీ చూద్దాం అన్నయ్యగారూ. తొందరేముంది?”

లోపలికి వెళ్లేకొద్దీ సముద్రం కనిపించడం మానేసి, వినిపించడం మొదలుపెట్టింది. రెండు పక్కలా మనిషెత్తు ముళ్లపొదలు. కేకేసినా పలికే ఇల్లు లేదు. నగరంలో హాయిగా ఉన్న ఈ దంపతులు ఇక్కడెలా కాపురం చేస్తారో మేస్త్రికి అంతుపట్టలేదు. పైగా ఆ స్థలం అమ్మకానికే లేదట. వీళ్లే వెతుక్కుంటూ వచ్చి, ఆయన నోటికొచ్చిన ధర చెబితే బేరమాడకుండా సరేనన్నారట.

“ఇంత మారుమూల భయం వెయ్యదా అమ్మా?” అని మెల్లగా అడిగాడు.

“నా భయమంతా ఎప్పుడో అయిపోయింది మేస్త్రీ.”

పొదల మధ్య పైకప్పు ఎగిరిపోయిన గదులు వరసగా కనిపించాయి.

“ఇవేంటి అన్నయ్యగారూ?”

“సముద్రం చూడ్డానికొచ్చేవాళ్లకి అద్దెకిచ్చేవాణ్ణి. కలిసిరాలేదు, మూసేశాను.”

ఆమె చివరి గది గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. భర్త వచ్చి భుజం మీద చెయ్యి వేశాకే కదిలింది. గదుల వెనక్కి వెళ్లి, పొదలు పలచబడిన చోట ఆగింది.

“ఇక్కడ వంటిల్లు.”

యజమాని మొహంలో నవ్వు పోయింది.

“అక్కడొద్దమ్మా.”

“ఏం?”

“నేల మెత్తన. గోడ నిలవదు.”

మేస్త్రి గునపం దింపి చూశాడు. “పునాదికి పనికొచ్చే నేలే సార్.”

“నీకేం తెలుసు? పాములుంటాయి.”

“పొదలు కొట్టించేస్తాం,” అంది ఆమె.

“వానొస్తే నీళ్లు నిలుస్తాయి.”

“మెరక పోయిస్తాం,” అన్నాడు భర్త. “ముందు మొత్తం తవ్వించి, ఆ తర్వాత.”

ఎదురుగాలి ఈడ్చి కొడుతోంది. అయినా యజమాని మెడ వెంట చెమట కారుతోంది.

“ఎంత లోతు తవ్విస్తారు?”

“ఎంత అవసరమైతే అంత.”

“నేను అమ్మను!” అని అరిచాడాయన. “స్థలమూ లేదు, గిలమూ లేదు. నడవండి బయటికి!”

అంటూనే మేస్త్రి చేతిలోంచి గునపం లాక్కుని, ఆ చోటికి అడ్డంగా నిలబడ్డాడు. ఆయన కళ్లు చూసి మేస్త్రి రెండడుగులు వెనక్కి వేశాడు.

“రండమ్మా, పోదాం. ఇది కాకపోతే ఇంకో స్థలం. ఈయన వాలకం బాగాలేదు.”

ఆమె కదల్లేదు. భర్త జేబులోంచి ఫోను తీసి, ఎవరితోనో, “చోటు దొరికింది, రండి,” అన్నాడు. అమ్మనని మొహం మీదే చెబుతుంటే దొరకడమేమిటో మేస్త్రికి అర్థం కాలేదు. ఈయనకీ మతి పోయిందేమో అనుకున్నాడు.

ఆమె మాత్రం గునపాన్ని లెక్కచెయ్యకుండా యజమానికి ఎదురుగా వెళ్లి నిలబడింది. పొద్దుటి నుంచి వంటిల్లు, పడగ్గది గురించి మాట్లాడిన ఆ మెత్తని గొంతుతోనే అడిగింది.

“మా అమ్మాయి ఇక్కడే ఉంది కదూ, అన్నయ్యగారూ?”