ఆటో తకరారు

"కంపెనీ లెక్కల నేనింక సన్నగనే ఉన్ననట సార్," అంటూ రోజారాణి ఫోన్ తీసి డాక్టర్ ముందు పెట్టింది.

బరువు తగ్గించే ఆపరేషన్‌కు బీమా వర్తించదని కంపెనీ రాయడం ఇది రెండోసారి. వాళ్లు పెట్టుకున్న హద్దుకు ఆమె ఇంకా నాలుగు కిలోలు తక్కువట. షుగర్ ఉన్న మాట నిజమే కానీ అంత ముదరలేదట. ఆమె బరువు తొంభై ఆరు కిలోలు. చెప్పులు వేసుకోవాలన్నా గోడ పట్టుకునే మనిషి.

కరీంనగర్ డాక్టర్ కాగితాలన్నీ మళ్లీ తిరగేశాడు. ఇంకోసారి అప్పీలు పెట్టవచ్చు, హైదరాబాదులో పెద్ద సర్కారు దవాఖానలో పేరు రాయించుకోవచ్చు, కాదంటే సొంత డబ్బుతో చేయించుకోవచ్చు అన్నాడు. పొలం అమ్ముతానని అప్పటికే ఇంట్లో భర్త గోపాల్ అంటే ఆమె రెండు రోజులు మాట్లాడలేదు.

"ఇంకో తొవ్వ ఉన్నది," అన్నాడు డాక్టర్. "తిండి మార్చి, నడువాలె. ఆరు నెలలు చూద్దాం. ఇట్లనే ఉంటే షుగర్ కండ్ల మీదికొస్తది."

"గేటు దాక పోతెనే దమ్మొస్తది సార్. నేనేడ నడుస్త?"

"వంద అడుగులతోని మొదలుపెట్టు. కొంచెం కొంచెం కలుపుకుంట పో."

ఆమె నవ్వి లేచింది. తలుపు దగ్గర ఆమె ఫైలు పట్టుకొని షరీఫ్ నిలబడి ఉన్నాడు. చొప్పదండి పోస్టాఫీసులో ఆమె ఉద్యోగం. ఊరి నుంచి రోజూ తీసుకుపోయి తీసుకొచ్చేది షరీఫ్ ఆటోనే.

సోమవారం పొద్దున ఆ ఆటో రైస్‌మిల్లు ముందర ఆగిపోయింది. పోస్టాఫీసు బోర్డు అక్కడికి కనపడుతూనే ఉంది. ప్లగ్గులో కచరా పడిందన్నాడు షరీఫ్. రోజారాణి తిట్టుకుంటూ దిగింది. టిఫిన్ సంచి అతను పట్టుకొని పక్కన నడిచాడు. మధ్యలో పాన్‌డబ్బా ముందున్న స్టూలు మీద ఆమె కాసేపు కూర్చుని లేచింది. గేటు దగ్గర సంచి ఇచ్చి షరీఫ్ వెనక్కి పోయాడు.

మర్నాడు క్లచ్ వైరు తెగింది. ఆ తర్వాత గ్యాసు అయిపోయింది. ఆటో రోగం ముదిరిన కొద్దీ అది ఆగే చోటు ఊరి దిక్కు జరగసాగింది. వానలు పడేనాటికి పెట్రోలు బంకు దగ్గర, బతుకమ్మ పండుగనాటికి పత్తి మిల్లు దగ్గర. సాయంత్రాలు కూడా అంతే. రోజారాణికి స్టూలు అవసరం లేకుండా పోయింది గానీ నోరు మాత్రం ఆగలేదు.

"నీ ఆటో కన్న నా మోకాళ్లే నయమున్నయి తమ్మీ. వచ్చే నెలసంది పరశురాములు ఆటో మాట్లాడుకుంట."

"గీ ఒక్క నెల ఓర్చుకో అక్కా. ఇంజన్ పని చేపిస్త," అనేవాడు షరీఫ్. ప్రతి నెలా అదే మాట.

ఆరు నెలలకు దవాఖాన కాంటా ఎనభై మూడు చూపింది. షుగర్ గోలీ సగానికి తగ్గించి, ఇక ఆపరేషన్ మాట మరచిపొమ్మన్నాడు డాక్టర్. రోజారాణి ఆయనకు రెండు చేతులా దండం పెట్టింది. బయటికి వచ్చి గోపాల్‌కు ఫోన్ చేసి చెప్పింది. తర్వాత మిఠాయి దుకాణం ముందు ఆటో ఆపించి డబ్బా నిండా లడ్డూలు కొన్నది.

"డాక్టర్ సారు సల్లగుండాలె," అన్నది తిరుగుదారిలో. "మా ఆయన సల్లగుండాలె, నాతోపాటు బువ్వ మాని జొన్నరొట్టె తిన్నడు. కాదన్న ఆ కంపెనోళ్లు గూడ సల్లగుండాలె, లేకుంటె ఈపాటికి పొట్ట కోయించుకుందు. ఒక్క నీ డొక్కు ఆటోనే నన్ను పరేషాన్ చేసింది."

షరీఫ్ అద్దంలో చూసి నవ్వాడు. ఆమె ఇచ్చిన లడ్డూ నోట్లో వేసుకున్నాడు.

చొప్పదండి దాటి పత్తి మిల్లు దగ్గరికి వచ్చేసరికి ఆటో దడదడలాడి ఆగింది. రోజారాణి అలవాటుగా సంచి తీసుకొని దిగింది. నాలుగడుగులు వేసి వెనక్కి చూసింది. షరీఫ్ వెనక మూత తీసి ఇంజన్ మీదకు వంగి ఉన్నాడు. అంగీ చెమటతో తడిసింది, చేతులు మోచేతుల దాకా నల్లబడ్డాయి.

ఆమె తిరిగొచ్చి సంచి సీట్లో పెట్టింది. కొంగు నడుముకు చుట్టి, ఆటో వెనక రెండు చేతులూ ఆనించింది.

"హ్యాండిల్ పట్టుకో తమ్మీ. నేను నూకుత."

షరీఫ్ గాబరాగా అడ్డం వచ్చాడు.

"వద్దక్కా, నూకితె స్టార్ట్ కాదు. ఇయ్యాల నిజంగనే ఖరాబైంది."