గేటు ముందు పొయ్యి

“మధ్యాహ్నానికల్లా ఆ పొయ్యి అక్కడ ఉండకూడదు,” అన్నాడు మేనేజరు, కిటికీ తెర తీయకుండానే.

టోపీ తలూపాడు. ఈ ఫ్యాక్టరీకి కాపలాదారుగా వచ్చి అతనికి నాలుగు రోజులే అయింది. ఎండయినా నీడయినా నెత్తిమీది టోపీ తీయడని, గేటు బయటి ఆడవాళ్ళు మొదటి రోజే ఆ పేరు ఖాయం చేశారు.

“గిన్నెలు తీసెయ్. ఆవిడ మీద మాత్రం చెయ్యి పడకూడదు. తెలిసిందా?”

పేపర్లో వస్తుందని భయం కాబోలు అనుకుంటూ టోపీ మెట్లు దిగాడు.

టమాటాలు ఉడికించి డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ అది. వేసవిలో సరుకు లారీల కొద్దీ వచ్చి పడుతుంది. ఈ ఏడు మరీ ఎక్కువ వచ్చిందని భోజనానికిచ్చే అరగంటను పది నిమిషాలు చేశారు. “పది నిమిషాల్లో నింపి మూతేయడానికి మేమేమన్నా డబ్బాలమా?” అని మూతల సెక్షన్ అక్క లేచి బయటికి నడిచింది. ఆమె వెనక ఎనభై మంది నడిచారు. మర్నాడు వచ్చి చూస్తే గేటుకు తాళం!

తాళం పడిన రోజే, అందరూ పెద్దమ్మ అని పిలిచే ఆవిడ పొయ్యితో సహా దిగింది. ఇరవై రెండేళ్ళు ఇక్కడే టమాటాలు ఏరి రిటైరైన మనిషి. తెల్లవారగానే రైతుల సంతకు వెళ్తుంది. లారీ ప్రయాణానికి తట్టుకునే గట్టి కాయల వంక కన్నెత్తి కూడా చూడదు. వేలు తగిలితే చిట్లేలా, ఇవాళ వండకపోతే రేపటికి పనికిరానంతగా పండినవే ఏరుకుంటుంది. ఫ్యాక్టరీ మూతపడి సరుకు అమ్ముడుపోకపోయినా రైతులు ఆవిడ మీద విసుక్కోరు. పైగా బుట్టలో నాలుగు దోసకాయలు ఎక్కువే పడేస్తారు.

టోపీ వెళ్ళేసరికి ఆవిడ మొక్కజొన్న గింజలు ఒలిచేసి, మిగిలిన బెండ్లను నీళ్ళలో మరిగిస్తోంది. రుచంతా వాటిలోనే ఉందట. పక్కన నిప్పుల మీద ఎర్ర మిరపకాయలు, బొద్దుగా ఉండే కారంలేని రకం, తొక్క నల్లబడేదాకా కాలుతున్నాయి.

“పెద్దమ్మా, పొయ్యి తీసెయ్యమన్నారండీ మేనేజరు గారు.”

“వాడికి కాళ్ళు లేవా? తననే వచ్చి తియ్యమను.”

ఎవరైనా విన్నారేమోనని టోపీ అటూ ఇటూ చూశాడు. అంత పెద్దమనిషిని పట్టుకుని వాడంటుందేమిటి! చుట్టూ ఉన్నవాళ్ళు మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు.

“పోలీసుల్ని పిలుస్తారటండీ.”

“పిలవమను. వాళ్ళకీ తలా రెండు గరిటెలు వేస్తాను. పాపం, వాళ్ళకైనా తినే తీరిక ఉందో లేదో!”

టోపీ మళ్ళీ మెట్లెక్కాడు. “తమరినే ఒకసారి రమ్మంటున్నారు సార్,” అన్నాడు భయం భయంగా.

“ఆవిడ అలా అనదు. ఉన్నదున్నట్టు చెప్పు.”

చెప్పక తప్పలేదు. మేనేజరు నుదురు రుద్దుకున్నాడు. కోప్పడతాడేమోనని టోపీ ఒక అడుగు వెనక్కి వేశాడు.

“ఇవాళ ఏం వండుతోంది?”

కేసు పెట్టడానికి వివరాలు కావాలేమోనని టోపీ పూసగుచ్చినట్టు చెప్పాడు. కాల్చిన మిరపకాయలు, లేత బీన్స్, మొక్కజొన్న, అన్నీ టమాటా రసంలో ఉడుకుతున్నాయి. దించేముందు పుదీనా. దోసకాయ ముక్కలకు ఉప్పు రాసి వేరే పెట్టారు. మేనేజరు గుటక మింగాడు. ఎంత కోపం దిగమింగుతున్నాడో అనుకున్నాడు టోపీ.

పన్నెండింటికి పెద్దమ్మ గరిటెతో మూత మీద ఠంగుమని కొట్టింది. గేటు ముందు రోడ్డు పొడుగునా కూరా రొట్టె ముక్కలతో పళ్ళేలు పరుచుకున్నాయి. అలవాటు కొద్దీ గబగబా తినేసి లేవబోయిన ఒకామె భుజం పట్టుకుని కూర్చోబెట్టింది పెద్దమ్మ.

“ఇంకా పద్దెనిమిది నిమిషాలుంది. ఎక్కడికే నీ పరుగు? కూర్చుని తిను. వాళ్ళు చూస్తుండగా తిను.”

తర్వాత ఒక పళ్ళెం టోపీ చేతిలో పెట్టింది.

“నీకెన్ని నిమిషాలు?”

“నాకసలు లేవండీ. నిలబడే తింటాను.”

“కూర్చో.”

టోపీ కిటికీ వంక చూశాడు. తెర కదిలింది. పోతే పోయింది వెధవ ఉద్యోగం అనుకుని, టోపీ తీసి పక్కన పెట్టి, రోడ్డు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మొదటి ముద్దకే ప్రాణం లేచొచ్చింది.

అప్పుడే మేనేజరు గేటు దగ్గరికి వచ్చాడు. అందరి తలలూ అటు తిరిగాయి.

“ఇరవై నిమిషాలిస్తాను,” అన్నాడు మేనేజరు ఊచల వెనక నుంచి.

పెద్దమ్మ తలెత్తలేదు. “అరగంట.”

“ఇరవై ఐదు.”

ఆవిడ కూర కలుపుతూనే ఉంది. ఒక్కరూ పళ్ళెం ముందు నుంచి కదల్లేదు. మూతల అక్కయితే ఇంకో రొట్టె ముక్క అడిగి మరీ వేయించుకుంది.

“సరే, అరగంట!” అన్నాడు మేనేజరు.

“ఆ మాట కాగితం మీద పెట్టు,” అంది పెద్దమ్మ.

పెట్టాడు. సంతకం కూడా చేశాడు. మూతల అక్క కాగితాన్ని రెండుసార్లు చదివి పైకెత్తి చూపించింది. రోడ్డు దద్దరిల్లిపోయింది. టోపీ ఎంగిలి చెయ్యి కడుక్కుని పరుగెత్తి తాళం తీశాడు.

అందరూ లోపలికి వెళ్ళినా మేనేజరు మాత్రం పొయ్యి దగ్గరే తచ్చాడాడు. ఇప్పుడు ఆవిడ మీద విరుచుకుపడతాడేమోనని టోపీ అడ్డం వెళ్ళబోయాడు.

మేనేజరు గొంతు బాగా తగ్గించి, “ఇక ఇవాళైనా ఇంట్లో పొయ్యి వెలిగించమ్మా, పదకొండు రోజులుగా నాన్నా నేనూ పస్తులుంటున్నాం,” అన్నాడు.