వాగి చచ్చిపోయే సీను

హేని కొబ్బరి కోరుతోంది. ఎదురుగా ఆమె మొగుడు వాగి మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. నిరుడు వాళ్ల పపువా పల్లెలోనే తీసిన, వాగి కూడా వేషం వేసిన యుద్ధం సినిమాను నిన్న చర్చి హాల్లో వేశారు.

"గుండు తగిలి ఎంత బాగా చచ్చిపోయాను! హాల్లో మీ అమ్మ పెట్టిన శోకాల్లో నా ఆఖరి మాట ఒక్కడికైనా వినబడిందా?"

"ఊరంతటికీ ఆ సీనే నచ్చిందట."

"నా నటనా, ఆవిడ ఏడుపా? వెనక వరసలో వేరుశెనగలు తింటూనే ఉన్నానుగా! వెనక్కి తిరిగి నన్ను చూసింది, తెర చూసింది, మళ్లీ అందుకుంది."

"ఏమని ఏడ్చిందో విన్నావా?"

"చెవులు మూసుకున్నా."

"'వాగీ, నా వాగీ' అని."

వాగి నోరు తెరిచాడు. వాళ్లలో అత్త అల్లుడి పేరు పలకకూడదు. అతను పోయినప్పుడు ఏడుస్తూ మాత్రమే పలకాలి. తానంటే ఆవిడకు గిట్టదనే ఇన్నాళ్లూ అనుకున్నాడు.

"ఒట్టి వాగీ అందా, నా వాగీ అందా?"

"నా వాగీ అనే. పోనీలే, సాయంత్రం మళ్లీ వేస్తారటగా, అమ్మను ఇంట్లోనే ఉంచేస్తాను. నీ మాట వినబడుతుంది."

వాగి లేచాడు. ఇంట్లో ఉన్న కొత్త చాప చంకన పెట్టుకుని, అత్తకు తెర ముందు చోటు పట్టడానికి వెళ్లిపోయాడు.