కంపెనీ ఇచ్చిన గడియారం

గోడల పగుళ్ల మీద మేం పెట్టిన అర్జీ పట్టుకుని, గని కంపెనీ హెడ్డాఫీసు నుంచి ఒకాయన మా ఇంటికొచ్చాడు. పగులును వేలితో తడిమి, "ఇది మా పేలుళ్ల వల్ల కాదమ్మా, ఇల్లే పాతది" అని తేల్చేశాడు.

"ఇల్లు నాకంటే చిన్నదే బాబూ. నాకింకా పగుళ్లు రాలేదు" అంది మా అత్తయ్య.

అంతలో ఆయనకి గూట్లో పెట్టిన గోడ గడియారం కనిపించింది. కిందటేడు కంపెనీవాళ్లు ఊరిని ఉద్ధరించడానికి ఇంటింటికీ పంచినదే. రెండుంపావు దగ్గర ఆగిపోయి ఉంది. ఆయన మొహం మాడిపోయింది.

"ఊరికే వచ్చిందంటే ఇంత చులకనా? ఒక మేకు గట్టిగా కొట్టుకోలేరూ?"

"గట్టిగానే కొట్టాం బాబూ. అయినా పడింది."

ఆయన నమ్మలేదు. మా నిర్లక్ష్యాన్ని రాసుకుపోదామని కాగితం, కలం తీసుకుని వీధంతా తిరిగాడు. చెమటలు కక్కుకుంటూ తిరిగొచ్చి, ఆ పగిలిన గోడకే చేరగిలబడ్డాడు. నేను టీ ఇచ్చాను.

"ఇరవై ఇళ్లమ్మా! గడియారాలన్నీ పడ్డాయి, అన్నీ రెండుంపావుకే ఆగాయి. అందరూ కూడబలుక్కుని పడేశారా ఏంటి?"

"మీ చేతి వాచీలో ఎంతయింది బాబూ?" అంది అత్తయ్య.

"రెండూ పద్నాలుగు."

అత్తయ్య ఆయన చేతిలోంచి టీ గ్లాసు తీసుకుని నేలమీద పెట్టింది.

"గోడకి కాస్త ఎడంగా జరగండి బాబూ."