ఎర్ర సిరా గడి

పెద్ద వరద వచ్చి పద్దెనిమిదేళ్ళు. మనవరాలికి పీహెచ్‌డీ సీటు వచ్చిందని కబురు తెలిసిన మర్నాడే తాతకీ ఆమెకీ పేచీ వచ్చింది.

“ఆనకట్ట గేట్ల రిజిస్టరు నీ ట్రంకు పెట్టెలోనే ఉంది తాతయ్యా. పోయేముందు అమ్మమ్మ చెప్పింది. ఇవ్వవేం?”

“చెదలు తినేశాయి.”

“ఇనప్పెట్టెలో చెదలా?”

తాత మెడలోని తాళంచెవిని చొక్కాలోకి తోసుకున్నాడు. ఆనకట్ట మీద ముప్పై ఏళ్ళు గేట్లు ఎత్తి దించిన మనిషి. ఆ నీళ్ళ హోరులో మాట్లాడినా వినే దిక్కులేక నోరు కట్టేసుకోవడం ఆయనకి అలవాటైపోయింది.

గుమ్మంలో టీ గ్లాసు పట్టుకు కూర్చున్న నూనె బాబాయి కిసుక్కున నవ్వాడు. గేట్ల గొలుసులకి నూనె పెట్టి పెట్టి ఆయన పేరే అదైపోయింది. చిన్నా పెద్దా అందరికీ ఆయన బాబాయే.

“చదువుకున్నందుకు ఎదురు జీతమిస్తారటగా అమ్మాయ్, మూడేళ్ళూ? మేం పీకల్దాకా నీళ్ళలో దిగినా నాలుగుసార్లు అడిగితేగానీ ఇచ్చేవాళ్ళు కాదు.”

“ఊరికే ఏం ఇవ్వరు బాబాయ్. రేపు పదకొండింటికల్లా యూనివర్సిటీలో అసలు రిజిస్టరు చూపించాలి. అందులో ఉన్నదంతా నిజమని రాసిన మనిషి సంతకం పెట్టాలి. లేదంటే సీటూ లేదు, స్కాలర్‌షిప్పూ లేదు. లిస్టులో నా తర్వాత ఉన్నవాడు సంచి సర్దుకుని కూర్చున్నాడు.”

“ఇంతకీ దేని మీద నీ చదువు?”

“గేట్లు ఎత్తేముందు మోగించే సైరన్ విని కూడా కింది వీధి జనం ఎందుకు కదల్లేదు అన్నదాని మీద.”

నూనె బాబాయి గ్లాసు కింద పెట్టేశాడు. కింది వీధిలో ఆ వరద రోజు మిగిలిన మనిషి లేడు. తాత కూతురూ అల్లుడూ ఆ వీధిలోనే ఉండేవాళ్ళు. మెట్ట మీది బడిలో ఉండబట్టి ఈ పిల్ల దక్కింది.

“విచారణకొచ్చిన వాళ్ళు జనానిదే నిర్లక్ష్యం అని ఒక్క ముక్క రాసి పోయారు,” అంది మనవరాలు. “పై వీధి వాళ్ళేమో వాన హోరులో మాకేం వినపడలేదంటారు. బడి రేకుల మీద వాన, నాకూ తెలీదు. చెప్పడానికి నువ్వొక్కడివే మిగిలావు తాతయ్యా.”

గోడ గడియారం మూడు కొట్టింది. తాత రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

రోజూ ఉన్నదే. మూడయ్యేసరికి ఆయన చెవుల్లో సైరన్ మొదలవుతుంది. సన్నగా లేచి, గొంతు చించుకుని అరిచి, మెల్లగా దిగుతుంది. అలా మూడుసార్లు. పద్దెనిమిదేళ్ళలో ఒక్క రోజు నాగా లేదు. చెవుల్లో లైటు వేసి చూసిన డాక్టరు, అంతా బాగానే ఉందన్నాడు.

“మోగుతోందా?” మనవరాలు ఆయన పక్కన కూర్చుంది.

తాత తలూపాడు.

“ఇన్నేళ్ళయినా నిన్ను వదలని మోత, ఆ రోజు అమ్మకి వినపడలేదంటావా? వినే ఉంటుంది. విని కూడా ఇంట్లోనే కూర్చుంది. బడికొచ్చి నన్ను తీసుకుపోదామని కూడా అనుకోలేదు. బట్టలు మడత పెట్టుకుంటూ కూర్చుందో, ఏం చేసిందో. నాకది తెలియాలి తాతయ్యా. మూడేళ్ళు పట్టినా సరే.”

తాత ఆమె మొహంలోకి చూశాడు. తల్లి పోలికే. లేచి, మెడలోని తాళంచెవితో ట్రంకు పెట్టె తెరిచి, రబ్బరు గుడ్డలో చుట్టిన రిజిస్టరు తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు.

ఆమె ఆ తేదీ వెతికి పట్టుకుంది. గేటు నంబరు, నీటి మట్టం, ఎత్తిన టైము నీలం సిరాతో ఉన్నాయి. సైరన్ గడి ఒక్కటే ఎర్ర సిరా. ‘మధ్యాహ్నం మూడు గంటలకు మూడుసార్లు మోగించాను.’ మూడో తరగతితో ఆగిన చేతిరాత, గుండ్రంగా, పొందిగ్గా ఉంది.

“అంత వానలో ఒక్క అక్షరం చెదరలేదే.”

“ముందే రాసుకుంటాం,” అన్నాడు తాత. “గేటు దగ్గరికి పోయొస్తే చేతులు తడి. తడి చేత్తో రాస్తే కాగితం పాడు.”

“ఆనకట్ట పెద్దసారు పెట్టిన పద్ధతిలే,” అన్నాడు నూనె బాబాయి. “ముందు పుస్తకం, తర్వాత సైరను, ఆ తర్వాత గేటు. నేనా రోజు జ్వరంతో మంచం మీదున్నా. అన్నీ ఈయనొక్కడే చూసుకున్నాడు, పాపం.”

మనవరాలు టైపు చేసిన కాగితం తీసి రిజిస్టరు మీద పరిచింది. ‘ఇందులో రాసినదంతా నిజం’ అని ఉంది. పెన్ను మూత తీసి ఇచ్చింది.

తాత పెన్ను పట్టుకున్నాడు. కాగితం దాకా తెచ్చి ఆపేశాడు.

“రేపు పొద్దున్న రాస్తాలే. కళ్ళు ఆనడం లేదు.”

“రేపంటే రేపే. మాట తప్పవుగా?”

“తప్పను.”

మర్నాడు మనవరాలు లేవకముందే తాత మూల కొట్టుకి వెళ్ళి ఎర్ర పెన్ను కొనుక్కొచ్చాడు. చేతులు కడుక్కుని తువ్వాలుతో రెండుసార్లు తుడుచుకున్నాడు. టైపు కాగితాన్ని సంతకం పెట్టకుండా పక్కన పెట్టి, కిటికీ వెలుగులో రిజిస్టరు తెరిచి, ఎర్ర అక్షరాల మీద ఒక గీత కొట్టాడు. కింద తేదీ వేసి, అదే గుండ్రటి రాతతో రాసి, సంతకం చేశాడు:

‘ముందు రాశాను. గొలుసు పట్టేసిందని గేటు దగ్గరికి పరిగెత్తాను. సైరన్ మోగించలేదు.’