ప్రశ్నలుంటే అడగండి

మైకు గరగరమంది. వింగ్ కమాండర్ శివశంకర్ దాన్ని వేలితో తట్టి, అలవాటైన మాటలే మళ్లీ మొదలుపెట్టాడు.

సెలవు మీద కడపకొచ్చినా ఈ పని తప్పలేదు. సొంత జిల్లా పిల్లలకు వైమానిక దళం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు పైవాళ్లు. ఈ వారంలో ఇది మూడో కాలేజీ. యుద్ధ విమానం, రవాణా విమానం, హెలికాప్టర్, వీటిలో ఎవరు దేనికి పనికొస్తారో శిక్షణలో ఎలా తేలుస్తారో చెప్పాడు. వరదల్లో మిద్దెల మీద చిక్కుకున్నవాళ్లను తాడుతో పైకి లాగిన సంగతి చెప్పాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. అక్కడ కొడతారని ఆయనకు తెలుసు.

ఇన్నేళ్లు హెలికాప్టర్‌లో కూర్చుని అదిరిన నడుము, కాసేపు నిలబడితే చాలు, సలపడం మొదలుపెడుతుంది. యూనిఫాం ఇస్త్రీ నలగలేదు గానీ లోపల చెమట కారిపోతోంది. పైన ఫ్యాను తిరుగుతోంది. గాలి మాత్రం కిందికి రావడం లేదు.

"ప్రశ్నలుంటే అడగండి" అన్నాడు, ఉండకూడదని కోరుకుంటూ.

ముందు వరసలో ఒక అబ్బాయి లేచాడు. "ఎంత స్పీడు పోతాది సార్?" ఇంకొకడు జీతం అడిగాడు. రెండింటికీ జవాబులు కంఠతా వచ్చినవే.

తర్వాత కిటికీ పక్కనుంచి ఒక అమ్మాయి లేచింది. చుట్టూ ఉన్న పిల్లలు వింతగా చూశారు. ఈ ఏడే కాలేజీలో చేరిన హర్షిణి క్లాసులో కూడా నోరు తెరిచే రకం కాదు.

శివశంకర్ మైకును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "అడుగమ్మా."

"ఏడాదికి ఎన్ని దినాలు ఇంటికాడ ఉంటారు సార్?"

"రెండు నెలల సెలవు ఇస్తారు."

"ఇచ్చేది కాదు సార్. మీరు ఉన్నది."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు.

"పోయినేడు మూడు వారాలు కూడా లేను. అందులో సగం నిద్రకే సరిపోయింది."

"ఇంట్లోవాళ్లను మీతోపాటు పిల్చుకోని పోరా?"

"మొదట్లో తీసుకెళ్లాను. ఎప్పుడు చూసినా బదిలీలే. అస్సాం, రాజస్థాన్, కాశ్మీర్. సామాన్ల పెట్టెలు విప్పేలోపు మళ్లీ కట్టేవాళ్లం. ఊరు మారినప్పుడల్లా కొత్త బడి, కొత్త భాష. చివరికి సొంతూళ్లో దింపేశాను." బరువు ఇంకో కాలి మీదికి మార్చుకున్నాడు. "నాకు సుఖమని దింపాను. వాళ్లకు సుఖమని చెప్పాను."

ప్రిన్సిపాల్ సుందరం కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. ఆయన ఈ కాలేజీకి వచ్చి నెల కూడా కాలేదు. అతిథి ముందు మాట పడడం ఇష్టం లేదు. "చాల్లే పాపా, కూర్చో" అన్నాడు.

హర్షిణి కూర్చోలేదు.

"భయమైతాదా సార్?"

"శిక్షణ ఉంటుంది కదమ్మా. భయపడే తీరిక ఉండదు."

"అది అందరికీ చెప్పే మాట."

శివశంకర్ నీళ్ల సీసా మూత తీశాడు. తాగకుండానే మళ్లీ పెట్టేశాడు.

"ఒకసారి మంచుకొండల మీదున్న సైనికులకు సరుకులు తీసుకెళ్తున్నాం. దిగబోతుంటే మబ్బు కమ్మేసింది. కొండేదో లోయేదో తెలియలేదు. నా చేతులు వాటి పని అవి చేస్తూనే ఉన్నాయి. కానీ భయమే. చాలా భయం. ఆ పొద్దున ఇంటినుంచి ఫోనొస్తే, తర్వాత మాట్లాడతానని పెట్టేశాను. ఆ మబ్బులో దేశం గుర్తు రాలేదు, దేవుడూ గుర్తు రాలేదు. ఆ ఫోనే గుర్తొచ్చింది."

హర్షిణి తల వంచుకుని చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది.

"మరి ఇడిసిపెట్టి రావచ్చు కదా సార్? విమానాల కంపెనీలో చేరచ్చు కదా?"

"చేరొచ్చు. పింఛను కూడా వస్తుంది. నాతోటివాళ్లు చాలామంది వెళ్లిపోయారు. హెలికాప్టర్ నడిపినవాడు ప్రయాణికుల విమానం నడపాలంటే మళ్లీ పరీక్షలు రాయాలి. తనలో సగం వయసున్నవాళ్ల పక్కన కూర్చుని మొదట్నించీ నేర్చుకోవాలి. అదేమంత కష్టం కాదు. మానేస్తానని రెండుసార్లు రాశాను. రెండుసార్లూ నేనే చింపేశాను."

"ఎందుకు సార్?"

ఆయన నడుముకు చెయ్యి ఆనించి నిటారుగా నిలబడ్డాడు.

"పొద్దున్నే నేల వదిలి పైకి లేచే క్షణం ఒకటి ఉంటుంది. అది వదులుకోలేక. ఇంకో కారణం లేదు. దేశం కోసమని చెప్తే మీరు మళ్లీ చప్పట్లు కొడతారు."

ఎవరూ కొట్టలేదు.

"కడాకు ఒక్కటి సార్." హర్షిణి చున్నీ కొసను వదిలేసింది. "నేనూ పైలట్ పరీక్ష రాద్దామనుకుంటాండా. రాయమంటారా?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఆయన్ను పంపించారు. కాలేజీ కాలేజీకీ తిరిగి చెబుతున్నదీ అదే. శివశంకర్ ఆ అమ్మాయి వైపు చూశాడు.

"వద్దనే హక్కు నాకు లేదమ్మా. రమ్మనడానికి నోరు రావడం లేదు."

మైకు ఆపేశాడు.

వరండాలో సుందరం ఆయన చేతులు పట్టుకున్నాడు. "ఏమనుకోవద్దండి సార్. ఆ పిల్ల ఎన్నడూ ఇట్లా చేయలేదంట. రేపు పిలిచి మందలిస్తా."

"వద్దండి. అడిగినదాంట్లో తప్పేమీ లేదు" అని శివశంకర్ మెట్లు దిగాడు.

కాలేజీ వదిలారు. పిల్లలు షేర్ ఆటోల్లో కిక్కిరిసి వెళ్లిపోయారు. గేటు బయట గోడ నీడ జానెడే ఉంది. శివశంకర్ టోపీ తీసి ఆ నీడలో నిలబడ్డాడు. కాసేపటికి హర్షిణి పుస్తకాల సంచితో వచ్చి పక్కన నిలబడింది. ఇద్దరూ రోడ్డు వైపే చూస్తున్నారు.

"అంతమందిలో అవన్నీ అడగాల్నా?" అన్నాడు ఆయన అలసటగా.

హర్షిణి చున్నీతో కళ్లు తుడుచుకుంది.

"ఇంట్లో అడిగితే ఒక్కసారన్నా చెప్పినావా, నాన్నా?"