ఖాళీ గడి

టోర్నడో సైరన్ మోగుతూనే ఉంది.

"అందరూ ఇళ్ళకి వెళ్ళిపోయారు కదా రేణూ? రెస్ట్‌రూమ్‌లోకి పద, అక్కడ కిటికీలు లేవు!" సెంటర్ చూసుకునే దామోదర్ కేకేశాడు.

"ఒక్క నిమిషం అంకుల్, చెక్ చేస్తాను."

టెక్సస్‌లో, ఇర్వింగ్‌లోని ఆ తెలుగు పెద్దల సెంటర్‌కి ఎవరెప్పుడు వచ్చారో, ఎప్పుడు వెళ్ళారో రాసే వెబ్‌సైట్ రేణు చేసిందే. డేటాబేస్ కమాండ్లు నేర్చుకోవడం మొదలుపెట్టి మూడు వారాలే అయింది. వెళ్ళిన టైమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్ళ పేర్లు చూపించమని, ‘ఈక్వల్ టు నల్’, అంటే ‘ఖాళీకి సమానం’ అని కొట్టింది.

సున్నా అని వచ్చింది.

"ఎవరూ లేరు!"

ఇద్దరూ పరుగెత్తారు. రెస్ట్‌రూమ్ గుమ్మంలో రేణు టక్కున ఆగిపోయింది.

"అంకుల్, తప్పుగా అడిగాను! ఖాళీ దేనికీ ఈక్వల్ కాదు. అలా అడిగితే మనుషులున్నా సున్నాయే చూపిస్తుంది."

"ఇప్పుడా ఆ గొడవ? లోపలికి రా!"

ఆమె వెనక్కి పరుగెత్తింది. ‘ఈక్వల్ టు’ చెరిపి ‘ఈజ్ నల్’ అని కొట్టింది. ఒక్క పేరు వచ్చింది: రాజేశ్వరమ్మ.

వెనకే వచ్చిన దామోదర్ ముఖం పాలిపోయింది. "మేడమీద లైబ్రరీలో ఉండుంటారు. ఆవిడకి వినపడదు కదా!"

రెండేసి మెట్లు దూకుతూ పైకెక్కారు. రాజేశ్వరమ్మ కిటికీ పక్కన కూర్చుని వారపత్రిక చదువుకుంటోంది. చెరో చెయ్యీ పట్టి కిందికి తెచ్చి, రెస్ట్‌రూమ్ తలుపు వేసేసరికి మేడమీద అద్దాలు భళ్ళున పగిలాయి.

ఆ చప్పుడు కూడా ఆవిడకి వినపడలేదు. ఆవిడే రేణు చెయ్యి నిమురుతూ మెల్లగా అడిగింది.

"ఎందుకమ్మా, ఇంతలా వణికిపోతున్నావు?"